క్రిస్మస్ ముగ్గు ఎవరిది? మా ఇంటి పండుగలు నడిచి వచ్చిన దారులు

ప్రతి డిసెంబరు మొదటి వారంలో మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతుంది. మొదట ఎవరు పంపించారో తెలీదు, ఏటేటా కొంచెం పొడుగవుతా ఉంటుంది. దాని సారం ఇది. డిసెంబరు 25 సూర్యదేవుడి పుట్టినరోజు. క్రిస్మస్ చెట్టు నిమ్రోదుది. ఈస్టర్ అంటే ఇష్తారు అనే దేవత. వాకిట్లో ముగ్గు, పళ్ళెంలో అరిసెలు హిందువుల సంక్రాంతి. కాబట్టి నిజమైన విశ్వాసి ఇవన్నీ వదిలెయ్యాలి.

ఇన్నాళ్ళూ దాన్ని చదివి ఊరికే ఉండిపోయేవాళ్ళం. ఇప్పుడట్లా కుదరడం లేదు. మా చిన్నాయన కొడుకు కుటుంబం కొత్త సహవాసంలో చేరింది. వాళ్ళు క్రిస్మస్ చెయ్యరు. వాకిట్లో ముగ్గు ఉంటే లోపలికి రావడానికి వాళ్ళకు మనసొప్పదు. ముగ్గు వెయ్యకుండా ఉండడానికి మా అమ్మకు మనసొప్పదు, ఎందుకంటే అది అవ్వ నేర్పిన ముగ్గు. కె.జి.ఎఫ్.లో ఒకే లైనులో పెరిగిన నాలుగు కుటుంబాలు ఆ ఒక్క రోజు ఒకే చాప మీద కూర్చుని తింటాయా లేదా అన్నది ఇప్పుడు మా ఇంట్లో నిజమైన ప్రశ్న.

నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా "ఇది ఇట్లా జరుగుతుంది" అంటే, ఏ మెట్టు తరువాత ఏ మెట్టు, చూపించు అని అడగడం నా అలవాటు. ఆ మెసేజ్‌లోని ఒక్కొక్క మాటనూ అట్లాగే పట్టుకుని చూశాను. కొన్ని నిలబడ్డాయి. కొన్ని నిలబడలేదు. ఒకటి మాత్రం నేననుకోని చోటికి తీసుకుపోయింది.

25వ తేదీ సంగతి

సువార్తల్లో యేసు పుట్టిన తేదీ లేదు. నెల కూడా లేదు. దీని మీద ఎవరికీ తగాదా లేదు. క్రీ.శ. 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో ఉన్న క్లెమెంట్ తన కాలంలో కొందరు లెక్కగట్టిన తేదీలు రాశాడు. వాటిలో ఏప్రిల్ ఉంది, మే ఉంది, డిసెంబరు 25 మాత్రం లేదు. తూర్పు సంఘాలు చాలాకాలం జనవరి 6న చేసుకున్నాయి. ఆర్మేనియా సంఘం నేటికీ జనవరి 6నే చేసుకుంటుంది.

డిసెంబరు 25 మొదట స్పష్టంగా కనపడేది రోములో, 354లో తయారైన ఒక పంచాంగంలో. అందులోని ఒక పట్టిక 336 నాటిదని పండితులు లెక్కగట్టారు. ఆ పట్టికలో క్రీస్తు బెత్లెహేములో డిసెంబరు 25న పుట్టాడని ఉంది. అదే పుస్తకంలో ఇంకో పుటలో, అదే తేదీకి ఎదురుగా "జయింపబడనివాడి" పుట్టినరోజు అనీ, ఆ రోజు 30 రథ పందేలు అనీ ఉంది. జయింపబడనివాడంటే సూర్యుడు. అంతకు ముందు 274లో ఆరేలియన్ చక్రవర్తి రోములో ఆ సూర్యదేవుడికి పెద్ద గుడి కట్టించాడు. అంటే మెసేజ్‌లో సూర్యుడి మాట గాలిలోంచి పుట్టలేదు.

అయితే సూర్యుడి పండుగ రోజునే క్రైస్తవులు తీసుకున్నారా? దీనికి రెండు జవాబులు ఉన్నాయి. ఒకటి, అవును అనేది. 12వ శతాబ్దపు సిరియా రచయిత బార్ సలీబీ గ్రంథం ప్రతి ఒకదాని అంచున, సూర్యుడి పండుగ వల్లే జనవరి 6 నుంచి 25కు మార్చారని ఎవరో రాసిపెట్టారు. రెండోది లెక్క. యేసు సిలువ మీద చనిపోయింది మార్చి 25న అని 200 ప్రాంతంలోనే తెర్తుల్లియన్ రాశాడు. యేసు గర్భంలో పడింది కూడా ఆ తేదీనే అని అప్పట్లో ఒక నమ్మకం ఉండేది. మార్చి 25 నుంచి తొమ్మిది నెలలు లెక్కపెడితే డిసెంబరు 25. రోమన్ల లెక్కలో మార్చి 25 పగలూ రాత్రీ సమానమయ్యే రోజు, డిసెంబరు 25 పగలు పెరగడం మొదలయ్యే రోజు. కాబట్టి రెండు దారులూ ఒకే తేదీకి వస్తాయి. పండితుల్లో ఇప్పటికీ రెండు పక్షాలూ ఉన్నాయి. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే ఈ టికెట్ ఇంకా ఓపెన్‌గానే ఉంది.

మెసేజ్‌లో ఇంకో మాట: సాటర్నేలియా అనే తాగుబోతుల పండుగే క్రిస్మస్ అని. అది మొదలయ్యేది డిసెంబరు 17న. తరువాత కొన్ని రోజులు పొడిగించారు గానీ 25 దాకా రాలేదు. బహుమతులు ఇచ్చుకోవడం, విందులు చెయ్యడం రెంటిలోనూ ఉన్నాయి, నిజమే. అవి లేని పండుగ ఏ దేశంలోనైనా ఉందా?

జనం కలగలుపుకున్నారన్నది మాత్రం నిజం. 5వ శతాబ్దం మధ్యలో రోము బిషప్పు మొదటి లియో ఒక ప్రసంగంలో తన సంఘాన్నే మందలించాడు. పేతురు గుడి మెట్లెక్కి, లోపలికి పోయే ముందు వెనక్కి తిరిగి ఉదయించే సూర్యుడికి తలవంచుతున్నారని ఆయన ఫిర్యాదు.

ఇక్కడ మా తమ్ముడికి ఒక మాట. సూర్యుడి రోజు కాబట్టి డిసెంబరు 25 వద్దు అంటే, మీరు వారం వారం కూడుకునేది ఏ రోజు? ఆదిత్యవారమే ఆదివారం అయింది. మేము బడిలో చదువుకున్న కన్నడలో అది భానువార, మళ్ళీ సూర్యుడే. ఇంగ్లీషులో సండే, అదీ సూర్యుడి రోజే. ఆరాధనకు పోతూ సూర్యుణ్ణి తలచుకునేవాళ్ళు మన గుడిలో ఒక్కరూ లేరు. పేరు ఎక్కణ్ణించి వచ్చినా, ఆ రోజుకు అర్థం మనం చేసే పనిని బట్టే ఉంది.

చెట్టూ, నక్షత్రమూ

పచ్చని కొమ్మలు గుమ్మానికి కట్టడం చాలా పాతది. తెర్తుల్లియనే తన కాలపు క్రైస్తవులను దీని మీద తిట్టాడు. మీ తలుపులకు కట్టిన ఆకుతోరణాలు, దీపాలు అన్యుల ఇళ్ళకన్నా ఎక్కువున్నాయి అని ఆయన బాధ. కొమ్మల దగ్గర మెసేజ్‌కు కొంత బలం ఉంది.

కానీ ఇంట్లో నిలబెట్టి అలంకరించే చెట్టు వేరు. దానికి కాగితాల ఆధారం దొరికేది జర్మను మాట్లాడే అల్సాస్ ప్రాంతంలో. 1521లో సెలెస్తా అనే ఊరి లెక్కల పుస్తకంలో, పండుగకు అడవిలో చెట్లు కొట్టుకుపోకుండా కాపలా కాసినవాళ్ళకు కూలి ఇచ్చినట్టు ఉంది. 1605లో స్ట్రాస్‌బర్గ్‌లో ఒకరు ఇళ్ళలో చెట్టు పెట్టి కాగితపు గులాబీలు, ఆపిల్ పండ్లు, పలుచని అప్పాలు, బంగారు రేకులు, చక్కెర కట్టారని రాశారు. ఆపిల్ ఎందుకు? డిసెంబరు 24 ఆ ప్రాంతాల్లో ఆదాము హవ్వల రోజు. ఏదెను తోట నాటకంలో పండ్లు కట్టిన చెట్టును వేదిక మీద నిలబెట్టేవాళ్ళు. ఆ నాటకం చెట్టే ఇళ్ళలోకి వచ్చిందని చాలామంది చరిత్రకారులు అంటారు. ఆ చెట్టు జర్మను లూథరన్ల ఇళ్ళలో పెరిగింది. 1848లో ఇంగ్లండు రాణి విక్టోరియా కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ పత్రికలో వచ్చాక ఇంగ్లీషువాళ్ళలో పాకింది.

మరి నిమ్రోదు ఎట్లా వచ్చాడు? బైబిలులో అతను వేటగాడు, రాజ్యాలు కట్టినవాడు. అతనికి చెట్టుతో ఏ సంబంధమూ లేదు. ఆ కథ స్కాట్లండు పాదిరి అలెగ్జాండర్ హిస్లాప్ రాసిన "రెండు బబులోనులు" అనే పుస్తకంలోది. 1853లో చిన్న పుస్తకంగా వచ్చి 1858లో పెద్దదయింది. ఆయన గురి రోమన్ కాథలిక్ సంఘం మీద. వాళ్ళు చేసేదంతా పాత బబులోను మతమే అని నిరూపించాలని ఆయన పట్టుదల. అయితే బబులోను, అస్సూరు రాతలను చదవడం అప్పుడప్పుడే మొదలయింది. 1857లో లండనులో ఒక పరీక్ష పెట్టారు. నలుగురు పండితులు ఒకే శాసనాన్ని విడివిడిగా అనువదించి, సీలు వేసి పంపారు. అవి కలిశాకే ఆ లిపి చదవడం నిజంగా వచ్చిందని లోకం ఒప్పుకుంది. నాకు ఈ కథ చాలా నచ్చింది, అసలైన టెస్టింగ్ అంటే అదే. హిస్లాప్ వాదాలకు అట్లాంటి పరీక్ష జరగలేదు. శబ్దాలు దగ్గరగా ఉంటే చాలు, రెండూ ఒకటే అన్నాడు.

యిర్మీయా 10వ అధ్యాయం కూడా చూపిస్తారు. అడవిలో చెట్టు నరికి, వెండి బంగారాలు తొడిగి, కదలకుండా మేకులు కొట్టడం గురించి అక్కడ ఉంది. అధ్యాయం మొత్తం చదివితే అది చెక్కిన విగ్రహం గురించి అని తెలుస్తుంది. మాట్లాడలేదు, మోస్తే తప్ప కదలలేదు అని ప్రవక్త ఎగతాళి చేసేది దాన్నే.

మా ఇంటికి చెట్టు వచ్చిన దారి తెలుగు సీమ మీదుగానే. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి లూథరన్ మిషనరీలు 1865లో తెలుగు నాట పని మొదలుపెట్టారు. నాయుడుపేట, గూడూరు, శ్రీకాళహస్తి, తిరుపతి వాళ్ళ స్థలాలు. మా ముత్తాత అక్షరాలు దిద్దింది ఆ మిషను బడిలోనే. బంగారు గనుల పనికి ఆయన కోలారు వచ్చినప్పుడు చెట్టు అలవాటు ఆయనతో వచ్చిందని అవ్వ చెప్పేది. కె.జి.ఎఫ్.లో జర్మను చెట్టు ఎక్కడ దొరుకుతుంది? సరుగుడు కొమ్మ నరుక్కొచ్చి కిరసనాయిలు డబ్బాలో మట్టి పోసి నాటేవాళ్ళు. ఆ సరుగుడు కూడా ఈ నేలది కాదు. 19వ శతాబ్దంలో వంటచెరకు కోసం మద్రాసు తీరంలో విరివిగా నాటిన చెట్టు.

నక్షత్రానికీ ఇట్లాంటి కథే. కోణాలు పొడుచుకొచ్చిన కాగితపు నక్షత్రం 1830లలో జర్మనీలో మొరేవియన్ సంఘంవాళ్ళ బడిలో, రేఖాగణితం పాఠంగా మొదలయింది. 25వ తేదీతో గొడవపడేవాళ్ళు కూడా నక్షత్రాన్ని ఏమీ అనరు. మా ఇళ్ళలో కట్టేది అయిదు కోణాల వెదురు పుల్లల నక్షత్రం. దీపావళికి పక్కింటి కన్నడంవాళ్ళు కట్టే ఆకాశబుట్టి ఎట్లా చేస్తారో ఇదీ అట్లాగే, అవే పుల్లలు, అదే రంగు కాగితం, అదే మైదా బంక. రెండూ మా తాతే చేసిచ్చేవాడు.

ఈస్టరూ, సూర్యోదయ ఆరాధనా

ఈస్టర్, ఇష్తారు ఒకటే అనే మాట కూడా హిస్లాప్ నుంచే. ఇది అన్నిటికన్నా బలహీనం. పండుగ అసలు పేరు పస్కా. గ్రీకులో, లాటిన్‌లో, ఫ్రెంచిలో, రష్యన్‌లో దాని రూపాలే వాడతారు. మన తెలుగు బైబిలు కూడా యూదుల పండుగను పస్కా అనే అంటుంది. ఈస్టర్ అనే మాట ఇంగ్లీషు, జర్మను భాషల్లోనే ఉంది. 725లో ఇంగ్లండులో బీడ్ అనే సన్యాసి, ఆ నెలకు ఎయోస్ట్రే అనే దేవత పేరు ఉండేదని రాశాడు. ఆ దేవత గురించి పాత కాలపు రాత అదొక్కటే. కాబట్టి మహా అయితే ఒక నెల పేరు ఇంగ్లీషు మాటలో మిగిలింది. పండుగ దానికన్నా శతాబ్దాల పాతది. 325లో నీకయ సభలో దాని తేదీ మీదే పెద్ద చర్చ జరిగింది.

ఈస్టర్ రోజు తెల్లవారుజామున సమాధుల దగ్గరకు పోయి పాడతామే, దాన్ని కూడా సూర్యారాధన అంటున్నారు. ఇది మొదలైన చోటు కూడా తెలుసు. 1732లో జర్మనీలోని హెర్న్‌హుట్‌లో మొరేవియన్ యువకులు కొందరు తెల్లవారక ముందే ఊరి శ్మశానానికి పోయి పాటలు పాడారు. స్త్రీలు ఇంకా చీకటి ఉండగానే సమాధి దగ్గరకు వెళ్ళిన సువార్త కథే దానికి మూలం. నక్షత్రం చేసిన సంఘమే దీన్నీ మొదలుపెట్టింది. మన పూర్వులు దానికి తమవి కలిపారు. ముందురోజు సమాధికి సున్నం కొట్టడం, బంతిపూలు చల్లడం, ఊదువత్తులు వెలిగించడం ఏ జర్మనూ నేర్పింది కాదు.

ముగ్గు, అరిసెలు, కీర్తన, తాళి

మెసేజ్‌లో చివరి భాగానికి వచ్చాం. ముగ్గు మన నేల ఆచారమే. అందులో దాచేది ఏమీ లేదు. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం మొదలవుతుంది. సంక్రాంతి దాకా ప్రతి వాకిట్లో పెద్ద ముగ్గులు. క్రిస్మస్ సరిగ్గా ఆ నెలలోనే పడుతుంది. గని లైనులో గోడకు గోడ ఆనుకుని ఇళ్ళు. అటు తమిళవాళ్ళు, ఇటు తెలుగువాళ్ళు, అన్ని వాకిళ్ళూ తెల్లగా ఉంటే మా అవ్వ వాకిలి బోసిగా ఎందుకుండాలి? గొబ్బెమ్మలు పెట్టలేదు. చుక్కలు పెట్టి నక్షత్రం గీసింది, మధ్యలో పశువుల తొట్టి గీసింది. ఇంటికి క్రీస్తు వస్తున్నాడని అలికి ముగ్గు పెట్టానని చెప్పేది.

అరిసెలు కూడా సంక్రాంతి పిండివంటే. కన్నడంవాళ్ళు కజ్జాయ అంటారు, తమిళవాళ్ళు అదిరసం అంటారు. మూడు భాషల్లో ఒకే బెల్లం పాకం. కొత్త బియ్యం, కొత్త బెల్లం వచ్చే కాలంలో పండుగ పడితే అదే వండుతారు. మా పళ్ళెంలో అరిసె పక్కన గులాబీ పువ్వులు ఉంటాయి. ఇనుప అచ్చును పిండిలో ముంచి నూనెలో వేసేవి. ఇట్లాంటి అచ్చుతోనే స్వీడన్, నార్వేలలో క్రిస్మస్ వంట చేస్తారు. కేరళలో అచ్చప్పం అంటారు. మా అవ్వ నేర్చుకున్నది గని ఆఫీసర్ల బంగళాల వైపు ఉండే ఆంగ్లో ఇండియన్ ఇంట్లో పని చేస్తూ. కేకు సంగతి సరేసరి. తలశ్శేరిలో మాంబళ్ళి బాపు అనే ఆయన 1883లో ఒక ఇంగ్లీషు దొర కోసం మొదటి క్రిస్మస్ కేకు చేశాడని చెప్పుకుంటారు.

కీర్తనల పుస్తకం తెరవండి. పాట పైన రాగం పేరు, తాళం పేరు. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి వంటివాళ్ళు కర్ణాటక సంగీతపు మెట్టులోనే యేసును పాడారు. ఒడిశా తెలుగువాళ్ళు దీన్ని గర్వంగా చెప్పుకోవచ్చు. ఆరాధన, మందిరం, ప్రభువు, రక్షణ, ప్రసాదించు, ఈ మాటలన్నీ మిషనరీలు రాకముందే ఈ నేలలో ఉన్నవి. అన్యాచారం అని తీసేస్తూ పోతే చివరికి ప్రార్థన చెయ్యడానికి మాటే మిగలదు.

ఈ తగాదా కూడా కొత్తది కాదు. 18వ శతాబ్దం మొదట్లో జెస్విట్ పాదిరులు మా కోలారుకు పక్కనే ఉన్న పుంగనూరు, చిక్కబళ్ళాపురం ప్రాంతాల్లో కాషాయం కట్టి, సన్యాసుల్లా బతుకుతూ తెలుగువాళ్ళకు బోధించారు. ఇక్కడి ఆచారాల్లో ఎంత ఉంచొచ్చు అన్నది అప్పుడే పెద్ద గొడవ అయింది. 1704లో పోపు తరఫున వచ్చిన తూర్నోన్ పుదుచ్చేరిలో ఒక ఆజ్ఞ వేశాడు. వినాయకుడి బొమ్మ ఉన్న తాళి వద్దు, కావాలంటే సిలువ పెట్టుకోండి. పెళ్ళిలో కొబ్బరికాయ కొట్టొద్దు. విభూతి వద్దు. 1744లో పోపు ఆ నిషేధాన్ని గట్టిపరిచాడు. మిషనరీలు దానికి ప్రమాణం చెయ్యాలి. ఆ ప్రమాణాన్ని ఎత్తేసింది 1940లో. 1969కి వచ్చేసరికి భారత కాథలిక్ పూజలో హారతి, చేతులు జోడించడం, నేల మీద కూర్చోవడం అనుమతి పొందాయి. అంటే 1704లో మొదలైన గొడవ చల్లారడానికి రెండున్నర శతాబ్దాలు పట్టింది. ఆ మధ్యలో పెళ్ళిళ్ళయిన తెలుగు ఇళ్ళలో తాళి ఉండనే ఉంది, సిలువ తాళి.

డప్పు వద్దన్నవాళ్ళు

ఇంతవరకు చదివి, నేను తమ్ముడి పక్షాన్ని తేలిగ్గా కొట్టేస్తున్నానని అనుకోవద్దు. పాత ఆచారాలను వదలమన్నవాళ్ళలో దొరలే లేరు. మన పెద్దలూ ఉన్నారు, వాళ్ళకు చాలా గట్టి కారణం ఉంది.

ఒంగోలు ప్రాంతంలో 1866లో బాప్తిస్మం తీసుకున్న యర్రగుంట్ల పేరయ్య మాదిగ పల్లెల్లో తిరిగి బోధించాడు. కొత్తగా చేరినవాళ్ళకు మూడు నియమాలు పెట్టారు. ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. దీంతోపాటు ఊరి జాతరలో డప్పు కొట్టడం మానేశారు. ఊరి పెద్దలు ఊరుకోలేదు. పని ఇవ్వలేదు, బావి నీళ్ళు తోడుకోనివ్వలేదు. అయినా వాళ్ళు నిలబడ్డారు. 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మంది అక్కడ బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ముందు రెండేళ్ళు కరువు.

వాళ్ళకు జాతర డప్పు అంటే సంగీతం ఒక్కటే కాదు. అది కూలి లేని వెట్టి. దేవత ఊరేగింపులో ముందు నడిచి వాయించాలి, గుడి లోపలికి మాత్రం పోకూడదు. ఆ డప్పును కింద పెట్టడం అంటే ఊరి కట్టుబాటులో తమకిచ్చిన చోటును కాదనడం. అట్లాంటి ఇంట్లో పుట్టిన పెద్దాయన "పాతవేవీ వద్దు" అంటే ఆ మాట వెనక బతుకు ఉంది. మా తాత చివరిదాకా జాతర మేళం వినపడితే తలుపు వేసుకునేవాడు. అదే తాత అవ్వ ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిచేవాడు. చిన్నప్పుడు ఈ రెంటికీ పొంతన లేదనిపించేది. ఇప్పుడు అర్థమవుతోంది. ఒకటి ఎవరో ఆయన చేత చేయించింది. ఇంకొకటి ఆయన పెళ్ళాం ఇష్టంతో చేసుకున్నది.

ఎవరి పల్లె?

ఇంగ్లీషులో అన్యమతస్థుణ్ణి పేగన్ అంటారు. అది లాటిన్ మాట, మొదటి అర్థం పల్లెటూరివాడు. అది మతం మాటగా ఎట్లా మారిందో పండితులు వాదించుకుంటారు గానీ, నాకు ఆ మొదటి అర్థమే పట్టుకుంది. మా ఇంటి పట్టికలో ప్రతి ఆచారమూ ఏదో ఒక పల్లెదే. చెట్టు అల్సాస్ పల్లెలది. గులాబీ పువ్వుల అచ్చు యూరపు వంటిళ్ళది. ముగ్గు మన పల్లెది. మూడూ బైబిలులో లేవు. కానీ మన గుళ్ళలో చాలాకాలం మొదటి రెంటినీ "క్రిస్టియన్" అన్నారు, మూడోదాన్ని ఒక్కదాన్నే "అన్యం" అన్నారు. ఆ మెసేజ్ కనీసం చెట్టునూ ముగ్గునూ ఒకే తక్కెడలో పెడుతుంది, ఆ విషయంలో అది మన పాత పాదిరులకన్నా న్యాయమైనది. కేకు కోసి, చెట్టు పెట్టి, ముగ్గును మాత్రం చెరిపెయ్యమనేవాళ్ళతోనే నాకు పేచీ. వాళ్ళు చూస్తున్నది వాక్యాన్ని కాదు, ఎవరి ఊరిది గొప్ప అనేదాన్ని.

601లో పోపు గ్రెగొరీ ఇంగ్లండు మిషనరీలకు ఒక ఉత్తరం రాయించాడు. బీడ్ దాన్ని తన చరిత్రలో ఎక్కించాడు. గుళ్ళు పడగొట్టొద్దు, లోపలి విగ్రహాలు తీసేసి గుడిని వాడుకోండి. ఎడ్లను బలిచ్చే పండుగ మాన్పించి, గుడి చుట్టూ కొమ్మలతో పందిళ్ళు వేసుకుని దేవుడికి కృతజ్ఞతగా తిననివ్వండి అని దాని భావం. ఇంగ్లీషు పల్లెవాళ్ళకు ఇచ్చిన ఆ వెసులుబాటు 1704లో తెలుగు, తమిళ పల్లెవాళ్ళకు దొరకలేదు. అదే ఇంగ్లండులో 1647లో పార్లమెంటు క్రిస్మస్‌ను రద్దు చేసింది. అమెరికాలో మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1681 దాకా క్రిస్మస్ చేసుకుంటే అయిదు షిల్లింగుల జరిమానా. మా వాట్సాప్ మెసేజ్ ఆ వంశంలోది. చెయ్యాలనేవాళ్ళూ వద్దనేవాళ్ళూ ఇద్దరూ క్రైస్తవులే, మొదటినుంచీ.

పౌలు రోమీయులకు రాసిన పత్రిక 14వ అధ్యాయంలో ఈ విషయమే ఉంది. ఒకడు ఒక రోజును గొప్పగా ఎంచుతాడు, ఇంకొకడు అన్ని రోజులూ సమానం అంటాడు. ఎవరి మనసుకు వాళ్ళు స్థిరపడాలి, ఒకరినొకరు తీర్పు తీర్చుకోకూడదు అని ఆయన సలహా. దీన్ని ఆధారం చేసుకుని మా ఇంట్లో ఒక ఒప్పందానికి వచ్చాం. అమ్మ ముగ్గు వేస్తుంది. తమ్ముడివాళ్ళు 25న రారు, 26న భోజనానికి వస్తారు. ఆ రోజు చెట్టు మాట, ముగ్గు మాట ఎవరూ ఎత్తరు. అరిసెలకు మాత్రం వాళ్ళకూ అభ్యంతరం లేదట, డబ్బాలో పెట్టుకుని పోతామన్నారు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక మా లైనులోవాళ్ళు చాలామంది బెంగళూరు చేరారు. అపార్టుమెంటు గుమ్మం ముందు మూడడుగుల చోటు. అమ్మ ముగ్గు చిన్నదయింది గానీ నక్షత్రం, తొట్టి ఉన్నాయి. మా పిల్లలు ఇంగ్లీషు బడికి పోతున్నారు, వాళ్ళకు ఏది ఎక్కడిదో తెలీదు. వాళ్ళ కోసం ఈ పట్టిక రాసి పెడుతున్నా.

తేదీ, రోము నుంచి. చెట్టు, అల్సాస్ నుంచి జర్మను లూథరన్ల చేతి మీదుగా నాయుడుపేట. నక్షత్రం, మొరేవియన్ బడి నుంచి, తాత చేతి వెదురుతో. గులాబీ పువ్వులు, ఆంగ్లో ఇండియన్ వంటింటి నుంచి. కీర్తనల మెట్లు, కర్ణాటక సంగీతం నుంచి. అరిసెలు, ముగ్గు, మన వాకిటి నుంచి. డప్పు, మన పెద్దలు కింద పెట్టేశారు. ఎందుకో పిల్లలకు తప్పక చెప్పండి.

యానాంలో, బరంపురంలో, షోలాపూరులో, హోసూరులో ఉండే మీ ఇళ్ళలో క్రిస్మస్ పళ్ళెంలో ఏముంటుంది? వాకిట్లో ఏముంటుంది? ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నప్పుడే అడిగి రాసుకోండి. ఎవరు నేర్పారో, ఏ ఊళ్ళో నేర్చుకున్నారో వాళ్ళ పేర్లతో సహా రాయండి.